పసుపుబిళ్ళ తెల్లారిపోయింది

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను కోతలరాయుణ్ణి. పెళ్ళివంటకి కూరగాయలు తరిగేవాడు కత్తిపీట ముందు కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకుని మరీ కోస్తాను. చీమ కుట్టిందని మొదలుపెట్టానంటే, కథ సగంలోకి వచ్చేసరికి ఆ చీమకి తొండం మొలుస్తుంది. దీనికి మా ఆవిడ ఒక సూత్రం కనిపెట్టింది. నేను ఏ అంకె చెప్పినా పదితో భాగిస్తుంది. ఇంటికి కొత్తవాళ్ళెవరైనా వస్తే కాఫీతోపాటు ఆ సూత్రాన్ని కూడా అందిస్తుంది: "మా ఆయన వంద అంటే పది అనుకోండి వదినా. పది అంటే అసలు జరగలేదనుకోండి."

ఆ భాగహారం పుణ్యమా అని యాభై మూడేళ్ళు వచ్చేదాకా నా కోతలవల్ల ఎవరికీ వెంట్రుకవాసి నష్టం జరగలేదు. భాగించడం తెలియని ఒక అమ్మాయికి ఒకసారి కోశాను. ఇది ఆ సంగతి. రాయాలని లేదు. రాస్తూంటే చెవులు వేడెక్కుతున్నాయి.

కార్లకి బ్రేకులు చేసే కంపెనీలో నా ఉద్యోగం. ఇల్లు మిషిగన్ రాష్ట్రం కిందికొసన, ట్రాయ్‌లో. చలికాలం వస్తే మా బ్రేకుల్ని మంచుమీద పరీక్షించాలి, అందుకని నవంబర్ నుంచి మార్చి దాకా వారం విడిచి వారం మిషిగన్ పైకొసకి, అప్పర్ పెనిన్సులాకి పోతాను. ఇక్కడ అందరూ దాన్ని యూపీ అంటారు. మొదటి ఏడాది "యూపీ వెళ్తున్నానండీ" అని ఫోన్‌లో చెబితే మా అత్తగారు "కాశీ దాకా వెళ్ళి చెంబెడు గంగ పట్టుకురా బాబూ" అన్నారు. గడ్డకట్టిన ట్రాక్ మీద రోజంతా వేగంగా వెళ్ళడం, బ్రేకు తొక్కడం, ఎంత దూరం జారామో రాసుకోవడం, ఇదీ పని. అక్కడ మాత్రం నేను ఒక్క అంకె కూడా పెంచను. పెంచితే ఉద్యోగం పోతుంది. ఈ మాట తలుచుకున్నప్పుడే నాకు ఎక్కువ సిగ్గేస్తుంది. నిజం చెప్పడం చేతకాకపోవడం కాదన్నమాట నాది.

కంపెనీవాళ్ళు నాకు అక్కడ చిన్న అద్దె ఇల్లు తీసి పెట్టారు. వంటగది కిటికీ వెనక పెరట్లోకి ఉంటుంది. పెరడు దాటితే సీడార్ చెట్ల చిత్తడి అడవి. మొదటి సాయంత్రం టీ కలుపుతూ చూస్తే చెట్ల అంచున మేకపిల్లంత కుందేలు. సరే, మేకపిల్లంత కాదు, పిల్లి అంత. ట్రాయ్‌లో మా బంతిమొక్కలు మేసిపోయే కుందేళ్ళ జాతి కాదు అది. ఇంగ్లీషులో వాటికో పేరు, వీటికో పేరు ఉన్నాయి; మనకి రెండూ కుందేళ్ళే. ఇవి కలుగులు తవ్వుకోవు. కొమ్మల కింద, నేలమీద, అలా కూర్చునే బతుకుతాయి. వెనక పాదాలు అట్లకాడల్లా వెడల్పుగా ఉంటాయి కాబట్టి మంచులో దిగబడవు. ఎండాకాలం ఎండుటాకు రంగు, చలికాలం తెలుపు.

ఆ మారడం ఒక్క రోజులో జరిగేది కాదు. ముందు పాదాలు, చెవులు తెల్లబడతాయి. తర్వాత మూతి. తర్వాత డొక్కలు. వీపు అన్నిటికన్నా ఆఖర్న. మధ్యలో కొన్ని వారాలు సున్నం సగం వేసి మేస్త్రీ పారిపోయిన గోడలా ఉంటుంది జంతువు. పూర్తిగా తెల్లబడ్డాక కూడా చెవుల కొనలు కాటుక పెట్టినట్టు నల్లగానే ఉండిపోతాయి. గాలికి బొచ్చు విడిపోయినప్పుడు చూస్తే లోపలంతా బూడిదరంగే, తెలుపు పైపైనే. రోజూ సాయంత్రం టీ చల్లారిపోయేదాకా ఆ కిటికీ దగ్గరే నిలబడేవాణ్ణి. ఇది మాత్రం పెంచి చెప్పడం కాదు.

ఆ అమ్మాయి నాకు సరుకుల కొట్టు బయట దొరికింది. పార్కింగ్‌లో మంచుగడ్డ మీద కాలు జారి "ఓరి నాయనోయ్" అంటూ వెల్లకిలా పడ్డాను. పైనుంచి ఉన్నిటోపీ పెట్టుకున్న ఒక మొహం వంగి చూసింది.

"అంకుల్, తెలుగా?"

దెబ్బ తగిలిందా అన్నది రెండో ప్రశ్న. మనవాళ్ళ వరుస అదే.

కరీంనగర్ వైపు పిల్ల. అక్కడి యూనివర్సిటీలో ఎమ్మెస్. లేచి మంచు దులుపుకుంటూ "ఏ కోర్సమ్మా?" అన్నాను. కుందేళ్ళు అంది.

"కుందేళ్ళలో ఎమ్మెస్సా? అయ్యో, కంప్యూటర్స్‌లో సీటు రాలేదా తల్లీ?"

"వచ్చింది అంకుల్. కుందేళ్ళల్ల రావుడే కష్టం."

మా పెరట్లో కుందేళ్ళు తిరుగుతున్నాయని చెప్పగానే ఆ మొహం వెలిగిపోయింది. వారం తిరక్కుండా వచ్చి చెట్ల అంచున బోన్లు పెట్టింది. పట్టిన కుందేలునల్లా గుడ్డసంచిలో వేసి, ఒళ్ళో పెట్టుకుని తూచి, చెవికి రంగుబిళ్ళ కుట్టి వదిలింది. కొన్నిటికి మెడలో రేడియో పట్టీ కూడా కట్టింది. చాలాసేపు కదలకపోతే దాని బీప్ మారుతుంది, అంటే అది చచ్చిందన్నమాట. పట్టీలు తక్కువ, కుందేళ్ళు ఎక్కువ. మిగతావాటికి ఉత్త బిళ్ళలే. మా కిటికీ ముందుకి తరచుగా వచ్చేదానికి కుడి చెవికి పసుపుబిళ్ళ. పట్టీ లేదు.

నాకు అప్పగించిన పని చిన్నది. ఉన్న రోజుల్లో పొద్దున, సాయంత్రం బైనాక్యులర్స్‌తో చూసి మూడు ముక్కలు మెసేజ్ చెయ్యాలి: ఏ బిళ్ళ, వంటిమీద తెలుపు ఎంత శాతం, నేలమీద మంచు ఎంత శాతం. మొదటి రోజు నేను పంపింది: "పసుపుబిళ్ళ పాదాలు మల్లెమొగ్గల్లా ఉన్నాయి."

వెంటనే జవాబు వచ్చింది. "మల్లెమొగ్గ అంటే ఎంత పర్సెంట్ అంకుల్?"

"పది ఉంటుందేమోనమ్మా."

"మీరు చూసింది పంపుండ్రి. మీకు అనిపించింది వద్దు."

ఎందుకంత పట్టుదలో తర్వాత ఒక సాయంత్రం మా వంటింట్లో టీ తాగుతూ చెప్పింది. కుందేలు మంచుని చూసి తెల్లబడదు. పగళ్ళు చిన్నవవుతున్నాయని ఒంటికి తెలిసి తెల్లబడుతుంది. ఇదివరకు మంచు కూడా వేళకి పడేది, లెక్క సరిపోయేది. ఇప్పుడు మంచు ఆలస్యంగా వస్తోంది. కుందేలు మాత్రం పాత కాలెండర్ ప్రకారం తెల్లబడి, గోధుమరంగు ఆకుల మధ్య ధగధగలాడుతూ కూర్చుంటోంది. అలా కనబడిపోతున్నానని దానికి తెలుసా? తెలిస్తే ముందే పరిగెత్తుతుందా, లేక దాక్కున్నాననే అనుకుంటుందా? ఆ అమ్మాయి థీసిస్ అంతా ఈ ఒక్క ప్రశ్న. ఏప్రిల్‌లో డిఫెన్స్, అంటే ఆ థీసిస్‌ని ప్రొఫెసర్ల ముందు నిలబెట్టుకునే పరీక్ష. అది అయితే మే నెలలో మోంటానాలో ఉద్యోగం, అక్కడి కుందేళ్ళ మీదే. డిగ్రీ చేతికొస్తేనే చేర్చుకుంటామన్నారట.

"కంప్యూటరోళ్ళకైతే ఇది పోతే ఇంకొకటి అంకుల్. కుందేళ్ళ ఉద్యోగాలు దేశం మొత్తంల ఎన్నుంటయి? చదువు అయినంక వీసా గడువు నడుస్తనే ఉంటది. ఇదొక్కటే ఉన్నది నాకు."

ఇదంతా తెలిసే చేశాను. అది గుర్తుపెట్టుకోండి.

రోజూ శాతాలు పంపుతూ ఉంటే నా నాలుక తుప్పుపట్టినట్టు ఉండేది. అందుకని మా ఇద్దరికీ ఒక సరదా మాట అలవాటు చేశాను. "ఎర్రబిళ్ళకి తెల్లారిందా అంకుల్?" అని తనడిగేది. "ఇంకా కోడి కూయలేదమ్మా, నలభై" అని నేను. అంకె పక్కన ఉన్నంత కాలం ఆ ఆటవల్ల ఏ నష్టమూ లేదు.

ఆ డిసెంబర్‌లో మంచు పడలేదు. ఒక శుక్రవారం పొద్దున్నే నేను ట్రాయ్ బయల్దేరుతున్నాను. కారులో సంచులు సర్దుతూ చూస్తే పసుపుబిళ్ళ చెట్ల అంచున ఉంది. ముందురోజు దాకా వీపుమీద ఉన్న అరచేయంత గోధుమరంగు మచ్చ కూడా పోయింది. నేలంతా ఎండుటాకులు. ఒక చేత్తో సంచి, ఒక చేత్తో ఫోన్. "పసుపుబిళ్ళ తెల్లారిపోయింది" అని కొట్టి పంపాను. అంకె వెయ్యలేదు. తెలుగులో పోవడం అంటే ఊరికే పోవడం కాదు కదా. పండిపోయింది అంటే బాగా పండిందని, ఎండిపోయింది అంటే పూర్తిగా ఎండిందని. ఆ లెక్కన తెల్లారిపోయింది అంటే నూటికి నూరు శాతం. చాలా తెలివైన మెసేజ్ అనుకున్నాను. నవ్వుకుంటూ ఆరున్నర గంటలు డ్రైవ్ చేశాను.

మర్నాడు మధ్యాహ్నం ఒక స్నేహితుడి బేస్‌మెంట్‌లో భోజనాలు. తలా ఒక వంటకం, పాతిక మంది జనం. నేను కుందేళ్ళ పురాణం విప్పి అరగంటైంది. సరిగ్గా అప్పుడు ఆ అమ్మాయి ఫోన్. "ఇదిగో, మా కుందేళ్ళ డాక్టరమ్మ!" అని అందరికీ చూపించి స్పీకర్‌లో పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు.

"అంకుల్, ఇప్పుడే చూసిన మెసేజ్. నిన్నంత ఫీల్డ్‌ల ఉన్న, సిగ్నల్ లేకుండె. నిజమేనా?"

"నిజమేనమ్మా. పూర్తిగా."

"పసుపుబిళ్ళేనా? మీరు సరిగ్గ చూసిన్రా?"

"కళ్ళారా చూశాను తల్లీ."

అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"పోయిన వారమే ఒళ్ళె పెట్టుకుని తూచిన దాన్ని. ఏది కొట్టింది అంకుల్? నక్కనా? గుడ్లగూబనా?"

అప్పుడు వెలిగింది నాకు. బతుకు తెల్లారిపోవడం. మా గుంటూరు వైపూ ఆ మాటుంది, వాళ్ళ కరీంనగర్ వైపూ ఉంది. మనిషి పోతే అంటాం. నాకు తెలియక కాదు, తోచలేదు.

"చావలేదమ్మా, తెల్లబడింది అన్నాను" అనడానికి రెండు సెకన్లు చాలు. ఆ రెండు సెకన్లలో ఏం జరిగిందో చెబుతాను. ఒకావిడ పులిహోర ప్లేటు బల్లమీద పెట్టేసి "అయ్యో పాపం" అంది. కేరమ్స్ ఆడుతున్న నలుగురూ స్ట్రైకర్ వదిలేసి ఇటు తిరిగారు. పాతిక మంది ఊపిరి బిగబట్టి నా మొహంలోకి చూస్తున్నారు. అలాంటి నిశ్శబ్దం నాకు ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ దొరకలేదు.

"గుడ్లగూబ" అన్నాను.

ఒకసారి అన్నాక ఇంక నా చేతిలో లేదు. రెక్కలు విప్పితే గరాజ్ తలుపంత ఉందన్నాను. దూదిపింజ రాలినంత చప్పుడైనా లేదన్నాను. ఆ అమ్మాయి ఏడుస్తూనే అడుగుతోంది, వెనకాల పెన్ను గీసుకుంటున్న చప్పుడు వినబడుతోంది.

"నేల మీద స్నో ఎంతుండె?"

"చెంచాడు కూడా లేదు." ఇది నిజం.

"అది ఎంత తెల్లగుండె?"

"నూటికి నూరు." ఇదీ నిజం.

"గుడ్లగూబ వస్తుంటే ఉరికిందా అంకుల్? కదిలిందా కొంచెమన్న?"

ఏడాదిన్నరగా ఆ పిల్ల చలిలో కూర్చున్నది ఈ ఒక్క ప్రశ్న కోసమని నాకు తెలుసు. అందుకే జవాబు బాగుండాలనిపించింది.

"కదల్లేదమ్మా. ఆకుల మధ్య ట్యూబ్‌లైట్‌లా వెలిగిపోతూ, ఎవరికీ కనబడటం లేదనుకుని అలాగే కూర్చుంది."

"ఆ మాట మళ్ళొకసారి చెప్పుండ్రి. మెల్లగ."

మెల్లగా చెప్పాను. రెండోసారి ఇంకా బాగా వచ్చింది.

ఫోన్ పెట్టేశాక ఒకాయన భుజం తట్టి "నువ్వు బ్రేకులు తొక్కుతూ కూర్చున్నావు గానీ సినిమాలకి రాయాల్సిన వాడివయ్యా" అన్నాడు. సిగ్గులేకుండా ఇంకో గారె వేయించుకున్నాను.

కారెక్కాక మా ఆవిడ సీటుబెల్టు పెట్టుకుంటూ అంది. "గుడ్లగూబ ఎప్పుడొచ్చింది?"

"నిన్న పొద్దున."

"నిన్న ఇంటికి రాగానే దారిలో తాగిన కాఫీ ఎంత చప్పగా ఉందో పావుగంట చెప్పారు. గుడ్లగూబ మాట రాలేదే?"

నేను ఇండికేటర్ వేశాను.

"ఊళ్ళో అందరూ పట్టిన కుందేలుకి మూడు కాళ్ళయినా ఉంటాయి. మీరు ఏకంగా ప్రాణమే తీసేశారు. సోమవారం ఆ పిల్లకి ఫోన్ చేసి చెప్పండి. ఆ పిల్లకి భాగించడం రాదు."

సోమవారం చెయ్యలేదు. మీటింగ్ ఉంది. మంగళవారం గొంతు బాగాలేదు. బుధవారానికి, ఇలాంటివి ఎదురుగా కూర్చుని చెప్పాలి గానీ ఫోన్‌లో బాగుండదని నిర్ణయించుకున్నాను. పైవారం ఎదురుగా కూర్చునే అవకాశం వచ్చింది. నేను యూపీలో దిగిన మర్నాడే ఆ అమ్మాయి నాలుగు మేకులు, దారపు ఉండ, కాగితం సంచులు పట్టుకుని పెరట్లోకి వచ్చింది. బిళ్ళ, ఎముకలు, బొచ్చు, ఏదైనా దొరుకుతుందేమోనని.

"ఎక్కడ అంకుల్?"

వేలు పెట్టి చూపించాను. నా నోరు అబద్ధమాడటం నాకు అలవాటే. వేలు అబద్ధమాడటం అదే మొదటిసారి.

నేను చూపించిన చోట చదరంగా దారం కట్టి, మోకాళ్ళ మీద వంగి, ఒక్కొక్క ఆకూ తిరగేస్తూ రెండు గంటలు వెతికింది. గ్లౌజులు ఉంటే చేతికి తెలియదని తీసేసింది. నేను కిటికీ వెనక నిలబడి చూశాను. లోపల హీటర్ ఆడుతోంది. చివరికి "దొరికింది అంకుల్!" అని కేక పెట్టింది. నాలుగు తెల్లవెంట్రుకలు. కుందేళ్ళు తిరిగే చోట నాలుగు వెంట్రుకలు దొరక్క ఏమవుతాయి? వాటిని సంచిలో వేసి తేదీ రాసింది. లోపలికొచ్చి టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. వేళ్ళు వంకాయ రంగులో ఉన్నాయి. చెప్పెయ్యి, చెప్పెయ్యి అని లోపలినుంచి ఎవరో తోస్తున్నారు. "ఇంకాస్త పంచదార వెయ్యనా అమ్మా?" అన్నాను.

జనవరి ఆఖర్న తన థీసిస్ ప్రెజెంటేషన్‌లోంచి ఒక పేజీ ఫోటో తీసి పంపింది. మధ్యలో తెల్లకుందేలు బొమ్మ, పైన గుడ్లగూబ, కింద నేను చెప్పిన వాక్యం ఇంగ్లీషులో, ట్యూబ్‌లైట్ తీసేసి. ఇదే థీసిస్‌కి గుండెకాయ అని ప్రొఫెసర్ మెచ్చుకున్నాడట. కృతజ్ఞతల పేజీ కూడా పంపింది. అందులో నా పేరు పక్కన నమ్మకస్తుడు అనే అర్థం వచ్చే మాట ఉంది. ఫోన్ బోర్లా పెట్టి గిన్నెలు తోమాను. శుభ్రంగా ఉన్న గిన్నెలు కూడా తోమాను.

ఫిబ్రవరిలో, చుట్టూ మోకాలి లోతు మంచు ఉన్న ఒక సాయంత్రం, కిటికీకి పదడుగుల దూరంలో మంచు కొంచెం కదిలింది. రెండు నల్లటి చెవికొనలు. కుడి చెవికి పసుపుబిళ్ళ.

ముందు నాకు కలిగింది సంతోషం కాదు. భయం. బోన్లు చెట్ల అంచునే ఉన్నాయి, ఇది వెళ్ళి పడిందంటే నా పని అయిపోతుంది. అందుకని, ఆ కుందేళ్ళని చూసి రాయడానికని నమ్మి పెట్టుకున్న మనిషిని, గంటె, మూకుడు మూత పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ధనధనా వాయించాను. "పో, దూరంగా పో" అని అరిచాను. యాభై మూడేళ్ళవాణ్ణి, లుంగీ మీద జాకెట్ వేసుకుని.

అది కదల్లేదు. నన్నే చూస్తూ, మంచులో మంచులా, కనబడటం లేదన్న ధీమాతో కూర్చుంది. నేనే ముందు లోపలికి వెళ్ళిపోయాను.

మూడో రోజుకి ఉండబట్టలేకపోయాను. మంచుతుఫాను. వైపర్లు గడ్డకట్టి ఆగిపోతే కిటికీ అద్దం దించి తల బయటపెట్టి డ్రైవ్ చేసుకుంటూ యూనివర్సిటీకి వెళ్ళాను. ఆ అమ్మాయి ల్యాబ్‌లో ఒంటరిగా ఉంది. తలుపు దగ్గరే టోపీ తీసి నిలబడి, "అమ్మా, పసుపుబిళ్ళ బతికే ఉంది. గుడ్లగూబ లేదు. నేను తెల్లబడిందని రాశాను, నువ్వు చచ్చిందనుకున్నావు, నేను దిద్దలేదు" అన్నాను. తను కూర్చోమని కుర్చీ జరిపింది. "మీరే వచ్చి చెప్పిన్రు అంకుల్, అది చాలు" అంది.

చాలలేదు. ప్రొఫెసర్‌కి తనే వెళ్ళి చెప్పుకుంది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఈ మనిషి పంపిన మిగతావి నిజమని ఏమిటి నమ్మకం అని. ఆ చలికాలం నేను పంపిన ప్రతి వరుసా కొట్టేశారు. అందులో నలభై నలభైగానే ఉన్న రోజులు, అరవై అరవైగానే ఉన్న రోజులు ఎన్నో ఉన్నాయి. నా జీవితంలో ఏ కోతా లేకుండా చెప్పిన మాటలు అవే. అన్నీ పోయాయి. పోయినంత మేరా అడవిలో చెట్లకి కట్టి ఉంచిన కెమెరాల ఫోటోలు చూసి మళ్ళీ లెక్కలు కట్టాల్సి వచ్చింది. డిఫెన్స్ ఏప్రిల్ నుంచి ఆగస్టుకి పోయింది. మోంటానావాళ్ళు మే దాటి ఆగలేమని ఇంకొకరిని తీసుకున్నారు.

ఒక కాగితం రాసిమ్మంది, ఫైల్లో పెట్టడానికి. ఏం చూశానో అంతే రాయాలి. వాళ్ళ డిపార్ట్‌మెంట్ వరండాలో బల్లమీద కూర్చుని రాశాను. మొదటిసారి పేజీన్నర వచ్చింది. చదివి, ఎర్రపెన్నుతో కొట్టేస్తూ పోయింది. "'దురదృష్టవశాత్తూ' మీరు చూసిన్రా అంకుల్?" చూడలేదు. కొట్టేసింది. "'తీవ్రమైన పశ్చాత్తాపంతో', ఇది కుందేలుకు సంబంధించిందా?" కాదు. కొట్టేసింది. చివరికి మిగిలింది మూడు వాక్యాలు. ఫలానా శుక్రవారం పొద్దున పసుపుబిళ్ళని చూశాను. అది పూర్తిగా తెల్లగా ఉంది, నేలమీద మంచు లేదు. దాన్ని ఏదీ చంపడం నేను చూడలేదు.

సంతకం పెడుతుంటే అంది: "తప్పు నాది గూడ ఉన్నది అంకుల్. చచ్చిందా అని సక్కగ అడగాల్సింది నేను. ఏడుస్త అడిగిన."

తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఇంకొకటి ఒప్పుకోవాలి. పైన రాసినదాంట్లో ఒక ముక్క పూర్తిగా కల్పన. మూకుడు మూత కాదు. అంత సిగ్గుమాలిన పని ఊహించి రాసే శక్తి నాకు లేదు. నాలుగు వెంట్రుకలూ నిజం, మూడు వాక్యాలూ నిజం. మంచుతుఫానులో తల బయటపెట్టి వెళ్ళి చెప్పానన్నానే, అది జరగలేదు. చదివేవాళ్ళలో లెక్క తెలిసినవాళ్ళకి ఎలాగూ దొరికిపోతాను. ఫిబ్రవరిలోనే చెప్పి ఉంటే ఏప్రిల్‌కి దిద్దుకునే టైం ఉండేది. ఆ ఉద్యోగం దక్కేది. మూత వాయించిన తర్వాత నేను నాలుగు వారాలు నోరు మూసుకుని కూర్చున్నాను.

మార్చి రెండో వారంలో, ట్రాయ్ ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఉండగా ఫోన్ మోగింది. ఈసారి స్పీకర్‌లో పెట్టలేదు. వరండాలోకి వెళ్ళి ఎత్తాను. ఆ అమ్మాయి చాలా మెల్లగా మాట్లాడింది, దగ్గర్లో ఏదో నిద్రపోతున్నట్టు.

"అంకుల్, బోన్ల కుందేలు పడ్డది. పసుపుబిళ్ళ. ఒళ్ళె ఉన్నది ఇప్పుడు. గుండె కొట్టుకుంటున్నది."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. నేనన్నది ఇది:

"పసుపు బిళ్ళలు రెండు వేశావేమో చూసుకోమ్మా."

"ఒకటే వేసిన అంకుల్" అంది.